స్టాండింగ్ కమిటీ గదిలో ఏం జరిగిందో ఎవరు చెప్పాలి?

హైదరాబాద్ నగరపాలక సంస్థ గురించి మనకు అందే వార్తలు రెండు రకాలు. జనరల్ బాడీ సమావేశం జరిగిన రోజున టీవీ చానళ్ళన్నీ ట్యాంక్‌బండ్ దగ్గరి ప్రధాన కార్యాలయం ముందు వాలిపోతాయి. ప్లకార్డులు, పోడియం ముట్టడి, మార్షల్స్, వాకౌట్లు, చించి విసిరిన ఎజెండా కాగితాలు సాయంత్రం దాకా తెర మీద తిరుగుతూనే ఉంటాయి. స్టాండింగ్ కమిటీ కూర్చున్న రోజున మాత్రం ఒక చిన్న ప్రెస్ నోట్ వస్తుంది. ఇన్ని అంశాలను, వాటితోపాటు ఇన్ని టేబుల్ ఐటమ్స్‌ను చర్చించి ఆమోదించారని, ఫలానా రోడ్డు విస్తరణకు, ఫలానా జంక్షన్ అభివృద్ధికి, ఫలానా ఏజెన్సీ కాంట్రాక్టు పొడిగింపుకు అనుమతి ఇచ్చారని అందులో ఉంటుంది. మర్నాడు లోపలి పేజీలో నాలుగు వాక్యాల వార్తగా ఆ సంగతి ముగిసిపోతుంది. మొదటి రకం వార్త చూసి ప్రజాస్వామ్యం ఇలాగే ఉంటుందని మనం సరిపెట్టుకుంటాం గానీ, మన వీధి వెడల్పు ఎంత ఉండాలో, ఎవరి ప్రహరీ కూలాలో, మన చెత్త ఏ కంపెనీ ఎత్తాలో చాలావరకు తేలేది రెండో చోట.

ఆ రెండో చోట కూర్చునేది 15 మంది. కార్పొరేటర్లు తమలోంచి ఏడాది పదవీకాలానికి వారిని ఎన్నుకుంటారు, మేయరు అధ్యక్షత వహిస్తారు. ఒక పరిమితి దాకా పనుల మంజూరు, కాంట్రాక్టులు, ఆస్తుల సేకరణ ఈ కమిటీ చేతిలో ఉంటాయి. బడ్జెట్ ముసాయిదా కూడా ముందు ఇక్కడ ఆమోదం పొందాకే జనరల్ బాడీకి వెళ్తుంది. విలేకరులకు లోపలికి ప్రవేశం ఉండదు. విలేకరి లేకపోయినా ప్రతిపక్ష సభ్యుడైనా లోపల ఉంటాడులే అనుకుందామంటే, అదీ ఖాయం కాదు. 2020 డిసెంబరు ఎన్నికల్లో 150 డివిజన్లలో టీఆర్‌ఎస్ 56, బీజేపీ 48, మజ్లిస్ 44, కాంగ్రెస్ 2 గెలిచాయి. 2025 ఫిబ్రవరిలో స్టాండింగ్ కమిటీ ఎన్నిక వచ్చేసరికి, మధ్యలో జరిగిన ఫిరాయింపులు, చివర్లో జరిగిన నామినేషన్ల ఉపసంహరణలు కలిసి, 15 స్థానాలూ ఏకగ్రీవంగా మజ్లిస్, కాంగ్రెస్ సభ్యులకు దక్కాయి. ఇందులో చట్టవిరుద్ధం ఏదీ లేదు. అయితే నగరంలో 48 డివిజన్లు గెలిచిన పార్టీ తరఫున ఆ కమిటీ కాలంలో ఆ గదిలో ఒక్కరూ లేకపోయారన్నది మాత్రం నిజం. లోపల అడ్డు చెప్పేవాడు లేకపోయాడు, బయటికి వచ్చి చెప్పేవాడూ లేకపోయాడు. అప్పుడు ఏ పార్టీ లోపల ఉంది, ఏది బయట ఉందన్నది నాకు ముఖ్యం కాదు. రేపు ఆ స్థానాలు తారుమారైనా ఈ వ్యాసంలో నేను ఒక్క అక్షరం మార్చనవసరం లేదు.

టేబుల్ ఐటమ్ అనే పద్ధతి దగ్గర కాస్త ఆగాలి. మామూలు అంశమైతే ఎజెండాలో చేరి ముందుగా సభ్యులకు చేరుతుంది. చదవాలనుకున్న సభ్యుడు చదువుకుని వస్తాడు, అనుమానం ఉంటే జోనల్ కార్యాలయానికి ఫోన్ చేసి కనుక్కుంటాడు. టేబుల్ ఐటమ్ అలా రాదు. సమావేశం జరుగుతుండగా కాగితాలు బల్ల మీదికి వస్తాయి, అధికారి రెండు నిమిషాలు వివరిస్తారు, ఆమోదం అయిపోతుంది. వానకు నాలా గోడ కూలిందనో, కోర్టు గడువు రేపటితో ముగుస్తుందనో అలా పెడితే ఎవరూ కాదనరు. కానీ మూడేళ్ళ కాంట్రాక్టు ఏ తేదీన ముగుస్తుందో సంతకం పెట్టిన రోజే తెలుసు గదా, దాని పొడిగింపు చివరి నిమిషంలో బల్ల మీదికి రావలసినంత అత్యవసరం ఎలా అవుతుంది? ఈ ప్రశ్న అడగాల్సినవారు లోపలున్న సభ్యులు. వారు అడిగారో లేదో, అడిగితే ఏ జవాబు వచ్చిందో ప్రెస్ నోట్‌లో ఉండదు. 'ఆమోదించారు' అన్న మాట మాత్రం ఉంటుంది.

రోడ్డు విస్తరణ అంశాన్నే తీసుకుందాం. మాస్టర్ ప్లాన్ ప్రకారం ఫలానా చౌరస్తా నుంచి ఫలానా గుడి దాకా రోడ్డును ఇన్ని మీటర్లకు విస్తరించేందుకు, ప్రభావితమయ్యే ఇన్ని ఆస్తుల సేకరణకు ఆమోదం కోరడమైనది, అన్న తీరులో ఆ అంశం ఉంటుంది. చదవడానికి ఇంతకన్నా నిస్సారమైన వాక్యం ఉండదు. కానీ మధ్యగీతను రెండు మీటర్లు ఎడమకు జరిపితే ఒక ఫంక్షన్ హాలు ప్రహరీ మిగులుతుంది, కుడివైపు వరసలో ఉన్న కిరాణా కొట్టు, టైలరు షాపు, ఇస్త్రీ బండి వెనకున్న గది పోతాయి. ఆ కొట్టు యజమానికి సంగతి తెలిసేది ఒక ఉదయం టౌన్ ప్లానింగ్ సిబ్బంది టేపుతో వచ్చి షట్టరు పక్క గోడ మీద ఎర్ర రంగుతో గీత గీసి, పక్కన ఒక అంకె రాసి వెళ్ళినప్పుడు. ఆ గీత అక్కడే ఎందుకు పడిందని అడిగితే 'కమిటీలో అప్రూవ్ అయింది' అంటారు. కమిటీలో ఎవరైనా మరో అలైన్‌మెంట్ ప్రతిపాదించారా, ఎవరికైనా ఆ హాలుతో బంధుత్వమో వ్యాపారమో ఉంటే ఆ మాట చెప్పి పక్కకు తప్పుకున్నారా అన్నది ఆయన ఎన్నటికీ తెలుసుకోలేడు. బహుశా అంతా సవ్యంగానే జరిగి ఉండవచ్చు. సవ్యంగా జరిగిందని నిరూపించుకునే దారి కమిటీకి కూడా లేదన్నదే నా బాధ.

అలాగని ప్రతి తలుపూ బార్లా తెరవాలని నేను అనను. కోర్టులో నడుస్తున్న భూమి కేసులో సంస్థ లాయరు తన బలహీనతలు చెబుతుంటే అవతలి పక్షం గ్యాలరీలో కూర్చుని రాసుకోవడం కుదరదు. స్థలం కొనబోయే సంస్థ తాను ఎంతదాకా ఇవ్వగలదో ముందే చాటితే అమ్మేవాడు అక్కడి నుంచే బేరం మొదలుపెడతాడు. ఒక పారిశుధ్య కార్మికురాలి అనారోగ్యం గురించి, ఒక ఉద్యోగి మీద వచ్చిన ఆరోపణ గురించి మాట్లాడేటప్పుడు వారి పరువు కాపాడాలి. ఇవి న్యాయమైన కారణాలు. చిక్కు ఎక్కడంటే, ఈ కారణాల్లో ఏదో ఒకటి నిజంగా ఉందా లేక ఇబ్బందికరమైన విషయాన్ని దాచడానికి సాకుగా వాడుకున్నారా అని తేల్చేది కూడా ఆ గదిలో కూర్చున్నవారే. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకున్నట్టు ఉంటుంది ఇది. నిజాయితీపరుడైనా సరే, ఆ మార్కులను ఎవరూ నమ్మరు.

కమిటీ చాటున పని కానిచ్చుకోవడం మన ఊళ్ళో పుట్టిన తెలివి కాదు. ఇంగ్లండ్‌లో 1908లోనే స్థానిక మండళ్ళ సమావేశాలకు విలేకరులను రానివ్వాలని చట్టం చేశారు. మండళ్ళు దానికి తేలికైన విరుగుడు కనిపెట్టాయి. మండలి మొత్తం తనను తాను కమిటీగా ప్రకటించుకునేది. కమిటీకి ఆ చట్టం వర్తించదు కాబట్టి విలేకరి బయటికి నడవాలి. సభ్యులు వారే, కుర్చీలూ అవే, మారిందల్లా సమావేశం పేరు. 1959లో ముద్రణ కార్మికుల వివాదం నడిచినప్పుడు కొన్ని మండళ్ళు కొన్ని పత్రికల విలేకరులను రానివ్వకపోవడంతో గొడవ పెద్దదైంది. అప్పుడే పార్లమెంటుకు కొత్తగా ఎన్నికైన మార్గరెట్ థాచర్ తన తొలి ప్రసంగంలోనే ఈ విషయంపై బిల్లు ప్రవేశపెట్టారు, 1960లో అది చట్టమై ప్రజలకు కూడా ప్రవేశం వచ్చింది. కమిటీలకు అదే నియమం గట్టిగా వర్తించడానికి మాత్రం 1972 స్థానిక ప్రభుత్వ చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. అరవై ఏళ్ళకు పైగా పట్టిన ఆ ప్రయాణంలో మనం ఇంకా 1908 మజిలీలోనే ఉన్నామేమో అనిపిస్తుంది నాకు: జనరల్ బాడీ కనిపిస్తుంది, కమిటీ కనిపించదు.

తలుపు ఎప్పుడు మూయవచ్చో చట్టంలో రాసుకోవడం ఒక పని అయితే, రాసుకున్నట్టు నడుచుకున్నారో లేదో బయటివారు చూడటం రెండో పని. ఈ రెండో పనిని కెనడాలోని ఒంటారియో రాష్ట్రం చేసి చూపింది. అక్కడి మునిసిపల్ చట్టం ప్రకారం సమావేశాలన్నీ బహిరంగమే. వ్యక్తిగత విషయాలు, భూమి కొనుగోలు అమ్మకాలు, వ్యాజ్యాలు, ఉద్యోగ సంబంధాల వంటి కారణాలను చట్టం పేర్కొంటుంది, వాటికే తలుపు మూయవచ్చు. మూసేముందు ఏ తరహా విషయానికి మూస్తున్నారో బహిరంగంగా తీర్మానించాలి. లోపల మినిట్స్, అంటే సమావేశంలో జరిగినదాని లిఖిత నమోదు, రాయాలి. సమావేశ నిర్వహణ పద్ధతికి సంబంధించిన విషయాలకూ, అధికారులకు ఆదేశాలివ్వడానికీ తప్ప లోపల ఓటింగు జరపకూడదు. ఇంతవరకు మంచి నియమాలే, ఇలాంటివి ఇతర చోట్లా ఉన్నాయి. 2008 జనవరి 1 నుంచి దీనికి మరొకటి చేరింది: ఫలానా సమావేశాన్ని అన్యాయంగా మూశారని ఎవరైనా సరే ఫిర్యాదు చేయవచ్చు, దానిపై స్వతంత్ర విచారణ జరగాలి. మునిసిపాలిటీ సొంతంగా పరిశోధకుణ్ణి నియమించుకోకపోతే ఆ బాధ్యత పాలన మీద ఫిర్యాదులు విచారించే స్వతంత్ర అధికారికి, అంటే రాష్ట్ర అంబుడ్స్‌మన్‌కు వెళ్తుంది.

దాని ఫలితం ఎలా ఉంటుందో 2013లో ఒంటారియోలోని లండన్ నగరంలో కనబడింది. బడ్జెట్ మీద ఓటింగుకు కొద్ది రోజుల ముందు మేయరు, మరో ఆరుగురు కౌన్సిలర్లు ఒక శనివారం మధ్యాహ్నం ఒక భోజనశాల వెనుక గదిలో కలిశారు. ఏదో అనుకోకుండా కలిసి భోంచేశామని వారు చెప్పారు. అంబుడ్స్‌మన్ ఆండ్రే మారిన్ విచారించి, అది చట్టవిరుద్ధమైన రహస్య సమావేశమేనని నివేదిక ఇచ్చారు. మన దగ్గర మేయరుతో కలిపి ఏడుగురు ఒక హోటల్లో బిర్యానీ తిని మర్నాడు ఒకే మాట మీద నిలబడితే దాన్ని రాజకీయ చాతుర్యం అంటాం, అందులో తప్పేముందని అడిగేవాడినే వింతగా చూస్తాం.

ఒంటారియో పద్ధతిలో లోపాలు లేకపోలేదు. అంబుడ్స్‌మన్‌కు ఆ నిర్ణయాన్ని రద్దు చేసే అధికారం లేదు, సిఫారసు మాత్రమే చేయగలడు. తనకు కాని మాట చెప్పే పరిశోధకుడి స్థానంలో, డబ్బిచ్చి మరొకరిని పెట్టుకునే వీలు మండలికి ఉంది. నా దృష్టిలో ఇది పెద్ద కంత. రద్దు చేసే అధికారం లేకపోవడాన్ని మాత్రం నేను లోపంగా చూడను. ఎన్నికైన సభ తీర్మానాన్ని ఎన్నిక కాని మనిషి కొట్టేయడం మంచి అలవాటు కాదు, దానికి కోర్టులున్నాయి. 'ఈ తలుపు మూయడానికి కారణం లేదు' అన్న ఒక్క వాక్యం అధికారికంగా రికార్డులోకి ఎక్కి, జనరల్ బాడీలో అందరి ముందూ చదవబడితే, మళ్ళీ అదే సాకు చెప్పడం కష్టమవుతుంది.

మనకు ఈ ఆలోచన బొత్తిగా కొత్తదేమీ కాదు. కేరళ 2000లోనే స్థానిక సంస్థల మీద ఫిర్యాదుల కోసం ప్రత్యేక అంబుడ్స్‌మన్‌ను నెలకొల్పింది. రెండో పరిపాలనా సంస్కరణల సంఘం 2007లో స్థానిక పాలన మీద ఇచ్చిన నివేదికలో అన్ని రాష్ట్రాలకూ ఇలాంటి వ్యవస్థనే సూచించింది. 2010 నుంచి 2015 దాకా వర్తించిన 13వ ఆర్థిక సంఘం, స్థానిక సంస్థలకు ఇచ్చే పనితీరు గ్రాంటు షరతుల్లో స్వతంత్ర అంబుడ్స్‌మన్‌ను కూడా చేర్చింది. ఈ ప్రయత్నాలన్నీ అవినీతి మీద, దుష్పరిపాలన మీద దృష్టి పెట్టినవి. సమావేశం ఎలా జరిగిందన్న ప్రశ్న వాటికి తట్టలేదు. లంచం తీసుకున్నట్టు రుజువు చేయలేని చోట కూడా, ఒక నిర్ణయం ఎవరికీ కనిపించకుండా జరిగిందన్నది స్వయంగా ఒక ఫిర్యాదు కావచ్చునన్న గుర్తింపు మన చట్టాల్లో ఇంకా రాలేదు.

సమాచార హక్కు చట్టం ఉంది గదా అంటారు. ఉంది, దాన్ని వాడేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. 2005 నాటి ఆ చట్టంలో సెక్షన్ 4(1)(బి)లోని ఎనిమిదో అంశం, ప్రతి ప్రభుత్వ సంస్థా తన బోర్డులు, కౌన్సిళ్ళు, కమిటీల జాబితా ప్రకటించాలని, వాటి సమావేశాలు ప్రజలకు తెరిచి ఉంటాయో లేదో, మినిట్స్ అందుబాటులో ఉంటాయో లేదో చెప్పాలని అంటుంది. గమనించండి, తెరవమని అనలేదు. తెరిచి ఉందో లేదో చెప్పమంది. ఆ గడిలో 'లేదు' అని రాసి వెబ్‌సైట్‌లో పెట్టేస్తే చట్టాన్ని అక్షరాలా పాటించినట్టే.

మా కాలనీ సంక్షేమ సంఘం తరఫున శివారులోని ఒక పురపాలక కార్యాలయానికి నేను దరఖాస్తు పెట్టాను. కాలనీ ఖాళీ స్థలంలో కొంత భాగాన్ని ఒక ఏజెన్సీకి ఇచ్చిన తీర్మానం తాలూకు మినిట్స్ ఇమ్మన్నాను. గడువు దాటి, మొదటి అప్పీలు దాకా వెళ్ళాక ఒక జిరాక్సు ప్రతి వచ్చింది. ఆకుపచ్చ సిరాతో సంతకం, ఏటవాలుగా పడిన రబ్బరు ముద్ర, మధ్యలో మూడు నిలువు గడులు: అంశం సంఖ్య, ఆఫీసు నోట్, తీర్మానం. ఆఫీసు నోట్ పేజీన్నర ఉంది. తీర్మానం గడిలో 'చర్చించి ఆమోదించడమైనది' అని ఉంది, అంతే. పై అంశానికీ, కింది అంశానికీ అదే మాట, అదే చేతిరాత. ఆ అధికారి నా దగ్గర ఏదీ దాచలేదని నేను నమ్ముతున్నాను. ఆయన దగ్గర ఉన్నదే అంత. ఉన్న రికార్డును ఇప్పించగలదే తప్ప లేని రికార్డును సమాచార హక్కు చట్టం పుట్టించలేదు. అందుకే పర్యవేక్షణ గురించి మాట్లాడేముందు రికార్డింగు గురించి మాట్లాడాలి. తలుపు మూసిన ప్రతి సమావేశానికీ, మొదటి మాట నుంచి చివరి మాట దాకా ధ్వని రికార్డు ఉండాలి. అది ప్రజలకు వెంటనే వినిపించనక్కరలేదు, కానీ ఎవరో ఒక బయటి మనిషి వినగలిగేలా ఉండాలి.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో గట్టిది ఒకటే. రికార్డింగు ఉందంటే అధికారులు మనసు విప్పి మాట్లాడరని, అసలు చర్చంతా మేయరు చాంబరుకో పార్టీ ఆఫీసుకో మారిపోతుందని అంటారు. కొంత మారుతుంది, కాదనను. ఇప్పుడు మాత్రం అక్కడ జరగడం లేదా? తేడా ఏమిటంటే, రికార్డింగులో మూడు నిమిషాల్లో పది అంశాలు గడిచిపోతే అసలు చర్చ మరెక్కడో జరిగిందన్నదానికి ఆ రికార్డింగే సాక్ష్యం అవుతుంది, బయటి పరిశీలకుడికి అక్కడి నుంచి అడగడానికి ఒక కొస దొరుకుతుంది. ఇక ఇంకో పదవి, ఇంకో కారు, ఇంకో క్వార్టరు అనే ఎత్తిపొడుపు ఉంది. పదవీ విరమణ చేసిన ఒక జిల్లా జడ్జి, ఇద్దరు సిబ్బంది, ఒక గది చాలు. నగరంలో ఒక్క ఫ్లైఓవరు కింద వేసే రంగుల ఖర్చుతో పోల్చి చూసుకోవచ్చు.

నేను కోరే పరిశీలకుడి పని పరిమితమైనది. నిర్ణయం మంచిదా చెడ్డదా అన్నది అతనికి అనవసరం. తలుపు మూయడానికి చెప్పిన కారణం చట్టంలో ఉన్నదేనా, లోపల మాట్లాడింది ఆ కారణానికి లోబడే సాగిందా, టేబుల్ ఐటమ్‌గా వచ్చినదానికి నిజంగా తొందర ఉందా, స్వప్రయోజనం ఉన్న సభ్యుడు చెప్పి తప్పుకున్నాడా, ఈ నాలుగే చూడాలి. ఆ డివిజన్ ఓటరు కానవసరం లేకుండా ఎవరైనా, ఫీజు లేకుండా, తెలుగులోనో ఉర్దూలోనో తెల్ల కాగితం మీద ఫిర్యాదు ఇవ్వగలగాలి. నివేదిక జనరల్ బాడీ ముందుకు తప్పనిసరిగా రావాలి, దాని మీద ఏం చేస్తారో సభ తీర్మానించాలి.

ఎన్నికైన సభే లేనప్పుడు ఏం చేయాలన్నది ఇక్కడ పుట్టే చిక్కు ప్రశ్న, హైదరాబాద్‌కు అది ఊహాజనితమైనది కాదు. పాత మునిసిపల్ కార్పొరేషన్‌కు 1986లో ఎన్నికలు జరిగితే మళ్ళీ జరిగింది 2002లో. జీహెచ్‌ఎంసీ తొలి పాలకమండలి గడువు 2014 డిసెంబరులో ముగిస్తే, 2016 ఫిబ్రవరి ఎన్నికల దాకా స్పెషల్ ఆఫీసరు పాలన సాగింది. ఆ కాలంలో జనరల్ బాడీ అధికారమూ, స్టాండింగ్ కమిటీ అధికారమూ ఒకే అధికారి చేతిలో ఉంటాయి. కింది నుంచి వచ్చిన ప్రతిపాదనను ఆయనే పరిశీలించి, ఆయనే తీర్మానించి, ఆయనే అమలు చేస్తారు. తలుపు మూయాల్సిన అవసరం కూడా లేని సమావేశం అది, ఒక్క మనిషి తనతో తాను జరుపుకునేది. ఆ కాలంలో పరిశీలకుడి అవసరం తగ్గదు, పెరుగుతుంది. స్పెషల్ ఆఫీసరు సంతకం చేసే ప్రతి తీర్మానమూ వెంటనే ఆఫీసు నోట్‌తో సహా బయటికి రావాలని, గోప్యం అనుకున్నవి పరిశీలకుడి బల్ల మీదికి వెళ్ళాలని చట్టంలోనే రాయాలి. అతని నివేదిక చదవడానికి అప్పుడు సభ ఉండదు కాబట్టి అది నేరుగా శాసనసభకు వెళ్ళాలి.

చివరగా, ఆ పరిశీలకుణ్ణి నియమించేది ఎవరు? పాలకమండలి నియమిస్తే ఒంటారియోలోని కంత ఇక్కడా పడుతుంది. ప్రభుత్వం నియమిస్తే మరో ప్రమాదం ఉంది, దాన్ని మనం కళ్ళారా చూశాం. తెలంగాణ రాష్ట్ర సమాచార కమిషన్‌లో 2023 ఫిబ్రవరిలో కమిషనర్ల పదవీకాలం ముగిసింది, 2025 మే దాకా ఆ స్థానాల్లో ఎవరూ లేరు. రెండేళ్ళకు పైగా రెండో అప్పీళ్ళు పేరుకుపోయాయి. ఎవరూ సమాచార హక్కు చట్టాన్ని రద్దు చేయలేదు. కుర్చీలు నింపకుండా వదిలేస్తే అదే సరిపోయింది. కాబట్టి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సూచించిన పేర్ల నుంచే నియామకం జరగాలని రాసుకున్నా నాకు నిబ్బరం కలగదు. ఆ చట్టంలో మరో చిన్న నిబంధన ఉండాలి: పరిశీలకుడి స్థానం తొంభై రోజులకు మించి ఖాళీగా ఉంటే, ఆ కాలంలో తలుపు మూసి జరిపిన సమావేశాల రికార్డింగులు, కోర్టు వ్యాజ్యాలకూ వ్యక్తుల ఆరోగ్యానికీ సంబంధించిన భాగాలు మినహాయించి, తొంభై ఒకటో రోజున వెబ్‌సైట్‌లోకి ఎక్కిపోవాలి. అప్పుడు ఆ కుర్చీని త్వరగా నింపమని సచివాలయం చుట్టూ తిరిగేది సమాచార హక్కు కార్యకర్తలు కాదు, స్టాండింగ్ కమిటీ సభ్యులే.